పాత డబ్బాల్లో పెద్ద ఆటలు



‘మినిమమ్ రిక్వైర్‌మెంట్స్’ అనే మాట మాకు మొదట కనబడింది గేమ్ సీడీ కవరు వెనక. ఉద్యోగ నోటిఫికేషన్లలో కనీస అర్హతలు వెతుక్కోవడం ఆ తర్వాతి సంగతి. హాస్టల్లో తొమ్మిదో తరగతి చదివేటప్పుడు ఒక సీనియర్ అన్న భద్రాచలం వెళ్లి జీటీఏ వైస్ సిటీ సీడీ తెచ్చాడు. డూప్లికేట్ సీడీయే, కవరు కూడా జిరాక్స్. వెనక చిన్న అక్షరాల్లో రాసుంది: 800 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 128 ఎంబీ ర్యామ్, 32 ఎంబీ గ్రాఫిక్స్ కార్డు. మా ల్యాబ్‌లో ఉన్నవి పెంటియం 4 పెట్టెలు, 256 ఎంబీ ర్యామ్. మొదటి రెండు లైన్లలో పాసయ్యాం. మూడో లైను అర్థం కాలేదు. మాకు తెలిసిన కార్డులు రేషన్ కార్డు, ఐడీ కార్డు, అంతే.

గేమ్ ఎక్కింది గానీ ఈడ్చుకుంటూ నడిచింది. బైకు మలుపు తిప్పాక ఎప్పటికో రోడ్డు తిరిగేది. అప్పుడు ఆప్షన్లన్నీ ఒక్కొక్కటిగా నొక్కి చూశాం. రిజల్యూషన్ 640×480కి దించితే కొంచెం తేలికైంది. డ్రా డిస్టెన్స్ అనే గీతను పూర్తిగా ఎడమకు లాగితే దూరంగా ఉన్న బిల్డింగులు మాయమై బండి కదిలింది. ట్రైల్స్ ఆఫ్ చేస్తే ఇంకాస్త నయం. ఆ సాయంత్రం మాకు తెలియకుండానే ఒక పాఠం అయిపోయింది. ఎంత దూరం చూడాలి, ఎంత స్పష్టంగా చూడాలి అని కంప్యూటరు కూడా లెక్కేసుకుంటుంది. ఆ లెక్క తగ్గిస్తే దానికి పని తగ్గుతుంది.

పెద్ద గేముని బలం లేని కంప్యూటర్లో ఆడించడం మా హాస్టల్లో పుట్టిన అల్లరి అనుకునేవాళ్లం. తర్వాత చదువుకుంటే తెలిసింది, ఈ అల్లరి వయసు మా వయసు కంటే ఎక్కువని. ఆ చరిత్రనే ఈ పోస్టులో రాస్తున్నాం. ఇప్పుడే రాయడానికి ఒక కారణం ఉంది, అది చివర్లో చెప్తాం.

ముందు గేములు తయారుచేసినవాళ్ల దగ్గర మొదలుపెడదాం. ఎందుకంటే వాళ్ల చేతిలోనూ డబ్బా కంప్యూటర్లే ఉండేవి.

ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆడనివాళ్లు మన బ్యాచుల్లో తక్కువ. తెల్ల బట్టల రాకుమారుడు, గంట టైము, కింద ముళ్ల గుంటలు. దాన్ని రాసింది జోర్డన్ మెక్నర్ అనే అమెరికా కుర్రాడు, అదీ ఆపిల్ 2 కంప్యూటర్ మీద. ఆపిల్ 2 అనేది 1977లో వచ్చిన మెషీన్, ప్రాసెసర్ వేగం దాదాపు 1 మెగాహెర్ట్జ్. గేమ్ బయటికొచ్చిన 1989 నాటికి ఆ కంప్యూటర్ ముసలిదైపోయింది. మనిషి నడక అచ్చం మనిషి నడకలా ఉండాలని మెక్నర్ తన తమ్ముణ్ని పరిగెత్తించి, దూకించి, వీడియో తీసి, ఒక్కో ఫ్రేమును గీసి కంప్యూటర్లోకి ఎక్కించాడు. అంత బాగా కదిలే బొమ్మకు ఎన్నో భంగిమలు కావాలి కదా. వాటితోనే మెమరీ నిండిపోయింది. ఆటలో శత్రువే లేడు, పెడదామంటే జాగా లేదు. ఖాళీ గదుల్లో ఒక్కడే పరిగెత్తుతుంటే ఏం బాగుంటుంది, కొట్లాట ఉండాలని తోటివాళ్లు పోరుపెట్టారు.

అప్పుడు అతను చేసిన పని చూడండి. రాకుమారుడి బొమ్మ మీద అదే బొమ్మను ఒక్క బిట్టు పక్కకు జరిపి పెట్టాడు. రెండూ ఒకేలా ఉన్న చోట చెరిగిపోయి, తేడా ఉన్న చోట మాత్రమే వెలిగేలా లెక్క రాశాడు. అంచులు మాత్రమే మెరిసే ఒక నీడ మనిషి తయారయ్యాడు. కొత్త బొమ్మ ఒక్కటి కూడా గీయలేదు, అదనపు మెమరీ దాదాపు పట్టలేదు. ఆడినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, అద్దంలోంచి దూకితే బయటికొచ్చేవాడు వాడే. మన మందు సీసా తాగేసి పోతాడు, మన ముందే గేటు మూసేస్తాడు. చివర్లో వాడిని పొడిస్తే మన ప్రాణమే పోతుంది. కత్తి లోపల పెట్టేస్తే ఇద్దరూ ఒకటైపోతారు. ఆ గేములో అందరికీ గుర్తుండిపోయిన పాత్ర జాగా లేకపోవడం వల్ల పుట్టింది. తర్వాత అక్కడక్కడ మెమరీ మిగిల్చి కాపలా భటుల్ని కూడా తెచ్చాడనుకోండి. అయినా మాకు ఆ నీడే ఇష్టం.

ఆపిల్ 2 కోసం రాసిన అసలు కోడు పోయిందనుకున్నారు. 2012లో ఇంట్లో ఒక అట్టపెట్టెలో పాత ఫ్లాపీలు దొరికితే, అందులోంచి బయటికి తీసి అందరూ చదువుకునేలా ఇంటర్నెట్లో పెట్టేశాడు మెక్నర్. ఇప్పటికీ ఉంది, ఎవరైనా చూడొచ్చు.

ఇక పీసీ సంగతి. 1990 నాటికి ఐబీఎం తరహా పీసీ అంటే ఆఫీసు లెక్కలకు చేసిన పెట్టె. నింటెండో లాంటి ఆటల మెషీన్లలో తెర పక్కకు సాఫీగా జరగడానికి ప్రత్యేకంగా హార్డ్‌వేర్ ఉండేది. పీసీలో అది లేదు. కాబట్టి మారియో లాంటి ఆట పీసీలో కుదరదని అందరూ అనుకున్నారు. లూసియానా రాష్ట్రంలోని ష్రీవ్‌పోర్ట్ అనే ఊళ్లో సాఫ్ట్‌డిస్క్ అనే కంపెనీలో పనిచేసే జాన్ కార్మాక్ దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు. తెరను గళ్లుగళ్లుగా అనుకుని, మారిన గళ్లను మాత్రమే మళ్లీ గీయడం. ఆకాశం పక్కన ఆకాశమే ఉంటే ఆ గడి జోలికి పోనక్కర్లేదు. 1990 సెప్టెంబరులో ఒక రాత్రి కార్మాక్, టామ్ హాల్ ఇద్దరూ కూర్చుని మారియో 3 మొదటి లెవెల్‌ను పీసీ మీద దించేశారు. పొద్దున్నే వచ్చి ఆ ఫ్లాపీ పెట్టి చూసిన జాన్ రొమెరోకు మతిపోయింది. వాళ్లకు సరైన సొంత మెషీన్లు లేవు. ఆఫీసు కంప్యూటర్లనే వారాంతంలో కార్లో వేసుకుని ఇంటికి పోవడం, పని చేసుకుని మళ్లీ తెచ్చి పెట్టేయడం. అలా తయారైన కమాండర్ కీన్ అదే ఏడాది డిసెంబరు 14న విడుదలైంది. తర్వాతి ఏడాది వాళ్లే ఇడ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టారు.

ఈ రొమెరో గురించి మన గ్రూపులో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. తన మూలాల్లో మెక్సికన్ రక్తంతో పాటు యాకీ, చెరోకీ తెగల రక్తం ఉందని ఆయనే చెప్పుకున్నాడు. యాకీలు మెక్సికోలోని సొనోరా ప్రాంతపు ఆదివాసులు. నేలకోసం దశాబ్దాలు పోరాడారు. అక్కడి ప్రభుత్వం వాళ్లను వేల సంఖ్యలో దూర ప్రాంతాలకు తరలించి తోటల్లో వెట్టిచాకిరీకి పెడితే, కొందరు సరిహద్దు దాటి అరిజోనాకు పారిపోయారు. అక్కడ వాళ్లకు తెగగా ప్రభుత్వ గుర్తింపు 1978లో గానీ రాలేదు. గుర్తింపు కోసం ఎదురుచూడటం ఎలా ఉంటుందో మన ఊళ్లలో ఎవర్నడిగినా చెప్తారు. చిన్నప్పుడు ఇంట్లో కంప్యూటర్ లేని రోజుల్లో రొమెరో కాలిఫోర్నియాలో ఇంటి దగ్గరున్న ఒక కాలేజీ ల్యాబ్‌కు సైకిల్ మీద పోయి, అక్కడి విద్యార్థులను అడిగి ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాడు. ఆ ల్యాబ్ తలుపు పిల్లలకు తెరిచి ఉండటమే ఆ కథలో పెద్ద విషయం అని మాకనిపిస్తుంది.

ఇక్కడే ఇంకో మాట. కంప్యూటర్ అంటే మనకు సంబంధం లేని వస్తువు అనుకునేవాళ్లకోసం. 1965 నుంచి 1975 దాకా అమెరికాలో నవాహో ఆదివాసుల నేల మీద, షిప్‌రాక్ అనే చోట, ఫెయిర్‌చైల్డ్ కంపెనీ చిప్పుల ఫ్యాక్టరీ నడిపింది. అందులో వందలాది నవాహో స్త్రీలు పనిచేశారు. చిప్పు మీది గీతల్ని, నవాహో స్త్రీలు నేసే కంబళి మీది గీతల్ని పక్కపక్కన పెట్టి కంపెనీ తన ప్రచార పుస్తకంలో అచ్చేసుకుంది. వేళ్ల నేర్పును అంత మెచ్చుకున్నారు. 1975లో అక్కడ ఆందోళన జరగ్గానే ఫ్యాక్టరీ మూసేసి వెళ్లిపోయారు.

డూమ్ దగ్గరికొద్దాం. 1993 డిసెంబరు 10న వచ్చింది. కనీసం కావాల్సింది 386 ప్రాసెసర్, 4 ఎంబీ ర్యామ్. 386లో చాలావాటికి దశాంశాల లెక్కలు చేసే భాగమే ఉండేది కాదు. అందుకని కార్మాక్ అన్నింటినీ పూర్ణాంకాలతోనే నడిపించాడు. డూమ్‌లో తల పైకెత్తి చూడలేం, గోడలన్నీ నిటారుగా, నేలలన్నీ చదునుగా ఉంటాయి. అలా ఉంటే ఒక్కో గోడను నిలువు గీతలుగా గబగబా గీసుకుపోవచ్చు. ఇంకా ముఖ్యమైనది, ఏ గోడ వెనక ఏ గోడ ఉందో ఆడేటప్పుడు వెతుక్కోకుండా, మ్యాప్ తయారుచేసేటప్పుడే ముక్కలుగా కోసి వరస కట్టి పెట్టేశారు. మన అమ్మలు వానలు పడకముందే కట్టెలు కొట్టించి అటక మీద పేర్చుకున్నట్టు. ఆ బరువు పని కంపెనీలోని మంచి మెషీన్ల మీద ముందే అయిపోయేది. ఆడేవాడి బీద కంప్యూటర్‌కు మిగిలిన పని తక్కువ.

అయినా 386 మీద డూమ్ సాఫీగా నడిచేది కాదు. ఇక్కడ ఆడేవాళ్ల వంతు. మైనస్ బటన్ నొక్కితే ఆట కనబడే కిటికీ చిన్నదవుతుంది. ఇంకోసారి నొక్కితే ఇంకా చిన్నది. చుట్టూ ఫ్రేమ్ కట్టి మధ్యలో అగ్గిపెట్టెంత ఆట. ఎఫ్5 నొక్కితే అడ్డంగా ఒక చుక్క చోట రెండు చుక్కల వెడల్పు గీస్తుంది, సగం పని తగ్గుతుంది, బొమ్మ మొద్దుగా అవుతుంది. ఈ రెండు బటన్లూ గేములోనే ఇచ్చారు. అంటే తయారుచేసినవాళ్లకు తెలుసు, ఆడేవాళ్లలో అందరి దగ్గరా మంచి మెషీన్ ఉండదని. ఇది మాకు బాగా నచ్చిన విషయం. అర్హత లేదని గేటు దగ్గరే ఆపేయకుండా, నీకున్నదాంట్లో ఎంత వస్తే అంత చూడు అన్నారు.

ఆ రోజుల్లో డాస్ ఆటలు ఆడినవాళ్లకు ఇంకో తిప్పలుండేది. మెషీన్లో 4 ఎంబీ ర్యామ్ ఉన్నా చాలా గేములకు మొదటి 640 కేబీలోనే చోటు కావాలి. మౌస్ డ్రైవరు, సీడీ డ్రైవరు అందులోనే కూర్చునేవి. ఒక్కో గేముకు ఒక్కో బూట్ ఫ్లాపీ చేసుకుని, ఆ గేముకు అక్కర్లేని డ్రైవర్లు తీసేసి మెషీన్ ఆన్ చేసేవాళ్లు. బస్సులో కూర్చునేవాళ్లను సర్ది, నిలబడేవాళ్లకు చోటు చేసే కండక్టరు పని అది.

ఐతే ఈ చరిత్ర అంతా బీదవాడి గెలుపు కథ అనుకుంటే పొరపాటు. 1996 జూన్‌లో క్వేక్ వచ్చింది. అదీ ఇడ్ సాఫ్ట్‌వేర్‌దే. మైఖేల్ అబ్రాష్ అనే నిపుణుడు, కార్మాక్ కలిసి దాన్ని ఇంటెల్ పెంటియంకు కొలత తీసి కుట్టినట్టు రాశారు. గోడ మీది రంగు దూరంతో పాటు సరిగ్గా కుంచించుకుపోవాలంటే భాగహారం చేయాలి, అది నెమ్మది పని. ప్రతి చుక్కకూ చేయకుండా 16 చుక్కలకొకసారి చేశారు. పెంటియంలో దశాంశాల లెక్కలు చేసే భాగం వేరుగా పనిచేసుకోగలదు కాబట్టి, ఈ 16 చుక్కలు గీస్తుండగానే తర్వాతి భాగహారం వెనక జరిగిపోయేది. అద్భుతమైన ఉపాయమే. కానీ అప్పట్లో డబ్బులు తక్కువున్నవాళ్లు కొన్న సైరిక్స్ 6ఎక్స్86 ప్రాసెసర్లలో ఆ భాగం నెమ్మది, మిగతా పనితో పాటు జంటగా నడిచేది కాదు. ఆఫీసు పనుల్లో పెంటియంతో పోటీపడిన సైరిక్స్ క్వేక్ దగ్గర చతికిలపడింది. చౌకగా వచ్చిందని కొనుక్కున్న పిల్లలు నిరాశపడ్డారు, సైరిక్స్ పేరు కూడా దెబ్బతింది. ఒక మెషీన్‌కు సరిపోయేలా పిండిన ఉపాయం ఇంకో మెషీన్‌కు గోడ అయింది. ఆ గోడను ఎవరూ కుట్రతో కట్టలేదు. అందరి దగ్గరా పెంటియమే ఉంటుందిలే అని అనుకోవడం చాలు.

క్వేక్ ఇంజిన్‌నే మార్చుకుని 1998లో హాఫ్ లైఫ్ వచ్చింది. దాని మీద మిన్ లే అనే విద్యార్థి, జెస్ క్లిఫ్ కలిసి 1999లో కౌంటర్ స్ట్రైక్ చేశారు. దాని 1.6 వెర్షన్‌కు కావాల్సింది 500 మెగాహెర్ట్జ్, 96 ఎంబీ ర్యామ్, 16 ఎంబీ వీడియో. వీడియో ఆప్షన్లలో ‘సాఫ్ట్‌వేర్’ అని ఒకటి ఉండేది. గ్రాఫిక్స్ చిప్పు సంగతి వదిలేసి మొత్తం ప్రాసెసర్ తోనే గీయించడం. మన జిల్లా కేంద్రాల నెట్ సెంటర్లలో ఏళ్ల తరబడి కౌంటర్ స్ట్రైక్ ఎందుకు ఆడారో ఈ అంకెల్లోనే ఉంది. పాత మెషీన్లు పది, మధ్యలో ఒక స్విచ్, నీలం వైర్లు. ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు.

మళ్లీ మా ల్యాబ్‌కు, ఆ అర్థంకాని మూడో లైనుకు వద్దాం. మన దేశంలో స్కూళ్లకు, ఆఫీసులకు, మామూలు ఇళ్లకు వచ్చిన కంప్యూటర్లలో చాలావాటికి విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉండదు. మదర్‌బోర్డు మీదే చిన్న చిప్పు, దాన్ని ఆన్‌బోర్డ్ అనేవాళ్లం. 2002లో ఇంటెల్ 845జి, 2004లో 915జి, 2005లో 945జి. ఈ చిప్పుకు సొంత మెమరీ లేదు, మెయిన్ ర్యామ్‌లోంచే తీసుకుంటుంది. అంటే 256లో దానికి పోగా మిగిలిందే మనకు. పైగా త్రీడీ బొమ్మల కోణాలను తిప్పి వెలుతురు లెక్కకట్టే పనిని ఈ చిప్పులు సొంతంగా చేయలేవు, ప్రాసెసర్ మీదకు తోసేస్తాయి. 2003 తర్వాత చాలా గేములు స్టార్ట్ అయ్యేముందే అడిగేవి: ఆ పని చేసే కార్డు నీ దగ్గర ఉందా? లేదంటే ఒక ఎర్రర్ బాక్స్, అంతే.

దీనికి రెండు మందులు పెన్ డ్రైవుల్లో తిరిగేవి. ఒకటి త్రీడీ అనలైజ్. గేము ‘కార్డు ఉందా’ అని అడిగినప్పుడు ‘ఉంది’ అని అబద్ధం చెప్పే ప్రోగ్రాం. గేము నమ్మి లోపలికి రానిచ్చేది. సర్టిఫికెట్ లేదని ఎన్ని కౌంటర్ల దగ్గర వెనక్కి పంపించారో గుర్తున్నవాళ్లం కాబట్టి, ఆ అబద్ధం పనిచేసిన రోజు మేం ఎంత నవ్వామో చెప్పలేం. లోపలికి పోయాక కొన్నిసార్లు మనుషులు కనబడేవాళ్లు కాదు, బట్టలు మాత్రమే నడిచేవి, ఆకాశం నల్లగా ఉండేది. రెండోది స్విఫ్ట్ షేడర్. ఇది అబద్ధం చెప్పదు. కార్డు చేయాల్సిన పని మొత్తం నిజంగానే ప్రాసెసర్ మీద చేస్తుంది. ఒక డీఎల్ఎల్ ఫైలు తీసుకెళ్లి గేము ఫోల్డర్లో పడేయడమే. గేము తప్పకుండా తెరుచుకునేది, ఫొటో ఆల్బమ్ తిప్పినట్టు నడిచేది. మేం సాన్ ఆండ్రియాస్‌లో ఇంటి నుంచి వీధి చివరికి పోయేసరికి భోజనం గంట కొట్టారు. తమాషా ఏంటంటే అదే స్విఫ్ట్ షేడర్‌ను 2012లో గూగుల్ తన క్రోమ్ బ్రౌజర్లో పెట్టుకుంది, మంచి గ్రాఫిక్స్ లేని కంప్యూటర్లలో కూడా త్రీడీ పేజీలు కనబడాలని.

ఇంకొందరు గేమునే విప్పారు. 2006లో ఆబ్లివియన్ వచ్చినప్పుడు పాత కార్డులవాళ్లకు అది తెరుచుకోలేదు. ఓల్డ్‌బ్లివియన్ పేరుతో ఆడేవాళ్లే ఒక మార్పు రాసి, నీళ్ల మెరుపులూ నీడలూ తీసేసి, తెరిపించారు. చూడ్డానికి అందంగా ఉండదు. కానీ ఆట ఆటే.

2007 నవంబరులో వచ్చిన క్రైసిస్ గురించి క్లుప్తంగా. అప్పటి ఖరీదైన మెషీన్లు కూడా దాని ముందు దగ్గాయి. ప్రాసెసర్ల వేగం ఇంకా ఇంకా పెరుగుతుందని అనుకుని రాశారు. లోకమేమో వేగం పెంచడం మానేసి కోర్ల సంఖ్య పెంచే దారి పట్టింది. అందుకే ఏళ్ల తర్వాత వచ్చిన మెషీన్ల మీద కూడా అది అనుకున్నంత సాఫీగా నడవలేదు. డబ్బున్నోడి మెషీన్ కూడా ఒక్కోసారి డబ్బానే అని ఆ ఏడాది అందరికీ తెలిసొచ్చింది.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఈ అల్లరంతా మగపిల్లలది. మా ల్యాబ్‌లో ఒక మౌస్ చుట్టూ పన్నెండు మందిమి ఉండేవాళ్లం, అందరం మగపిల్లలమే. ల్యాబ్‌కు తాళం వేసి ఉండేది, తనిఖీ వస్తుందంటేనే కంప్యూటర్ల మీద గుడ్డలు తీసేవాళ్లు. మిగతా రోజుల్లో మేం బతిమాలో, కిటికీ దూరో లోపలికి పోయేవాళ్లం. సాయంత్రం ఆరు దాటాక బయట తిరిగే వీలు బాలికల హాస్టల్ వాళ్లకు లేదు కాబట్టి ఆ దొంగదారి కూడా వాళ్లకు లేదు. మా బ్యాచ్‌లో కంప్యూటర్ కోర్సుల్లోకి పోయినవాళ్లను లెక్కపెడితే, దాదాపు అందరూ ఆ పన్నెండు మందిలోని వాళ్లే. ర్యామ్ పళ్లను ఎరేజర్‌తో రుద్దితే డిస్‌ప్లే వస్తుందని, వెనక నడిచే ప్రోగ్రాములు ఆపితే మెమరీ మిగులుతుందని మాకు ఏ సారూ చెప్పలేదు, గేము కోసం నేర్చుకున్నాం. అదే అవకాశం మా చెల్లెళ్లకు ఉండుంటే ఏమయ్యేదో.

ఇప్పటి తమ్ముళ్లకు డబ్బా అంటే ఫోను. 2 జీబీ ర్యామ్ ఫోన్లో ఆడగలిగారు కాబట్టే ఫ్రీ ఫైర్ మన గూడేల దాకా వచ్చింది. పబ్జీ వాళ్లు కూడా 2019 జులైలో మన దేశంలో లైట్ వెర్షన్ వదిలారు, వంద మంది బదులు అరవై మంది, చిన్న మ్యాపు. 2020 సెప్టెంబరులో పబ్జీ, 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ నిషేధంలో పోయాయి. కానీ ఫోనుకు ఒక లోటుంది. దాన్ని విప్పలేం, లోపల ఏం జరుగుతుందో చూడలేం. ‘స్మూత్’ అని పెట్టుకుని ఊరుకోవడమే.

ఇక ఇప్పుడే ఎందుకు రాస్తున్నామో చెప్తాం. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి ఉచిత మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం నుంచి ప్రాసెసర్ ఉండాలని షరతు. 2017లో కొన్న ఐ5 ల్యాప్‌టాప్ ఏ పనికీ ఇబ్బంది పెట్టకపోయినా ఈ లెక్కలో ఫెయిల్. స్టీమ్ వాళ్లు 2024 జనవరి 1 నుంచే విండోస్ 7, 8లకు మద్దతు ఆపేశారు. వెనకటి గోడలు మెషీన్ చేయలేకపోవడం వల్ల వచ్చినవి. ఇప్పటి గోడల్లో కొన్ని మెషీన్ చేయగలిగినా కాగితం లేదని వచ్చినవి. భద్రత కోసమని వాళ్లంటారు, ఆ మాటలో కొంత నిజం ఉంది కూడా. కానీ ఈ సాకుతో ఆఫీసుల్లో, బళ్లలో కుప్పలుగా కంప్యూటర్లు పాత సామాను కింద పోతున్నాయి.

మేం చదివిన హాస్టల్లోనూ అదే. వెనక గదిలో పదకొండు పెట్టెలు, డ్యుయల్ కోర్ ప్రాసెసర్లు, జి31 బోర్డులు, విరిగిన బెంచీల మధ్య. వేలం వేస్తారని తెలిసి మేం నలుగురం వెళ్లి అడిగాం. ఇప్పుడున్న వార్డెన్ సార్ మంచాయన, మూడు పెట్టెలు విప్పి చూసుకోమన్నారు. ఎలకలు ఒక దాంట్లో వైర్లు కొరికేశాయి. దాని సామాను మిగతా రెండింటికి వాడాం. ఎరేజర్ తోనే మొదలుపెట్టాం. తేలికపాటి లినక్స్ ఎక్కించాం. డూమ్ ఇంజిన్ కోడు 1997లోనే అందరికీ ఇచ్చేశారు కాబట్టి, దాని మీద నడిచే ఫ్రీడూమ్ అనే ఉచిత గేమ్ పెట్టాం, దీనికి డూప్లికేట్ సీడీ అక్కర్లేదు. పాత ప్రిన్స్ కూడా పెట్టాం. 2018లో వచ్చిన ప్రోటాన్‌తో విండోస్ గేములు లినక్స్‌లో నడుస్తాయని మీరనొచ్చు. నిజమే, కానీ దానికి వల్కన్ అనే సౌకర్యం ఉన్న గ్రాఫిక్స్ కావాలి, ఈ జి31లకు అది లేదు. ఉన్నదాంట్లో ఎంత వస్తే అంత.

మొదటి ఆదివారం బాలికల హాస్టల్ వాళ్లకే టైము ఇవ్వాలని అడిగాం, సార్ ఒప్పుకున్నారు. ఎనిమిదో తరగతి పాప ఒకామె కూర్చుని ఆడుతూ, తెర కదలడం లేదని గొణిగింది. మేం ఏం చెప్పకముందే కీబోర్డు మీద ఒక్కో బటన్ నొక్కుతూ పోయింది. మైనస్ నొక్కగానే కిటికీ చిన్నదైంది. “అన్నా, ఇట్ల చేస్తే మంచిగ ఉరుకుతుంది” అంది.

ఇంకా ఎనిమిది పెట్టెలు గదిలోనే ఉన్నాయి. వేలం ఎప్పుడో ఇంకా చెప్పలేదు. మాకు కావాల్సినవి: డీడీఆర్2 ర్యామ్ స్టిక్కులు, 1 జీబీవైనా 2 జీబీవైనా సరే. సీఆర్2032 బ్యాటరీలు ఎనిమిది, లేకపోతే కరెంటు పోయిన ప్రతిసారీ గడియారం వెనక్కి పోతోంది. పీఎస్2 కాకుండా యూఎస్‌బీ మౌసులు. మీ ఇంట్లో, మీ ఆఫీసులో, తెలిసిన రిపేరు షాపులో పక్కన పడేసినవి ఉంటే కామెంట్‌లో చెప్పండి, వచ్చి తీసుకెళ్తాం. ఎరేజర్లు మా దగ్గరున్నాయి.